వంద కణాల నిబంధన

కంప్యూటర్లో నడుస్తున్న విశ్వంలోంచి 4417వ నంబరు డార్క్ మేటర్ ముద్ద, అంటే కృష్ణపదార్థపు ముద్ద, తాను నిజమేనని ధ్రువపత్రం తీసుకోవడానికి మంగళవారం పదిన్నరకి కచ్చితత్వ నిర్ధారణ విభాగానికి వచ్చింది. మంగళవారాలు ముద్దలకే కేటాయించారు కాబట్టి ఎవరూ తలెత్తి చూడలేదు. ప్యూను మంచినీళ్ళిచ్చి బెంచీ చూపించాడు.

కౌంటర్లో మంగతాయారు ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆవిడకి ముద్దలంటే విసుగు పుట్టలేదు. ఏ ముద్ద దేన్ని పట్టుకుని నిలబడిందో చూడాలని ఇప్పటికీ సరదాయే. నిబంధన చిన్నది. వంద కణాలుంటే ముద్ద నిజం. ఒక్కటి తగ్గినా అది ముద్ద కాదు, లెక్కలో దొర్లిన పొరపాటు, సాయంత్రం అయిదింటికి తుడిచేస్తారు. కంప్యూటరు చూపు అంతవరకే ఆనుతుందనీ, ఆననివాటిని లేవనుకోవాలనీ సర్క్యులర్ ఉంది.

"పోయిన వారం ముందస్తు లెక్కలో తొంభై ఏడే ఉన్నారు మీరు," అంది ఫైలు తిరగేస్తూ.

"ఇప్పుడు వందమందిమి అయ్యామండీ," అంది ముద్ద వినయంగా.

మంగతాయారు లేచి వెళ్ళి లెక్కపెట్టింది. వంద సరిపోయాయి. కాకపోతే చివరి మూడూ బెంచీ అంచున ఒదిగి కూర్చుని మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాయి.

"నీది ఏ ముద్దమ్మా?" అని ఒకదాన్ని అడిగింది.

ఆ కణం ముందు 4417 మొహం చూసింది. తర్వాత "ఇదేనండీ" అంది.

మంగతాయారుకి చిన్నప్పటి తనిఖీ ఒకటి గుర్తొచ్చింది. తను మూడో తరగతిలో ఉండగా రేవుపాలెం బడికి తనిఖీ వచ్చింది. పిల్లలు చాలక, కాలవకి ఇవతల ఉన్న తన ఊరి బడినుంచి తనతోపాటు మరో ఇద్దరిని ఎరువు తెచ్చి వరసలో నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరు ఊరడిగితే తనూ ఇలాగే పంతులుగారి మొహం చూసింది. ఇన్‌స్పెక్టరుకి తెలిసే ఉంటుంది, అయినా సంతకం పెట్టాడు. ఇప్పుడు 4417 ధ్రువపత్రం మీద మంగతాయారు కూడా పెట్టేసింది.

తర్వాతి టోకెను పక్క ముద్దది, 4418. ముందస్తు లెక్కలో నూటొకటి. ఇవాళ తొంభై ఎనిమిది.

"మావాళ్ళు ముగ్గురు చిన్న సాయానికి పక్కకెళ్ళారండీ. ఇదుగో, వచ్చేస్తారు," అంది 4418 కంగారుగా.

బెంచీ మీద మూడు కణాలూ సగం లేచాయి. కానీ ఒక ముద్దలో లెక్కకొచ్చినది ఆ రోజు మరో ముద్దలో లెక్కకి రాదు. ఇచ్చిన ధ్రువపత్రం వెనక్కి తీసుకోవాలంటే విభాగం పొరపాటు చేసినట్టు రాయాలి. పొరపాట్లను తీసేసే అధికారమేగానీ చేసే అధికారం విభాగానికి లేదు.

అయిదింటికి 4418ని తుడిచేశారు. సరిచూడటానికి మరింత సన్నని కణాలతో విశ్వాన్ని మళ్ళీ మొదటినుంచి నడిపారు. 4417 ఉన్నచోటే వచ్చింది, 4418 రాలేదు. ఫలితం నిలకడగా ఉందని నివేదికలో రాసుకున్నారు.

మంగతాయారు మూడో తరగతిలో ఉన్న ఆ ఏడు, రేవుపాలెంలో తనిఖీ జరిగిన రోజే ఆమె సొంత ఊళ్ళో కూడా తనిఖీ జరిగింది. ముగ్గురు తగ్గారని బడి మూసేశారు. ఆమె కాలవ దాటి రేవుపాలెంలోనే చదువుకుంది. సర్టిఫికెట్లలో స్వగ్రామం రేవుపాలెమనే ఉంది. ఎవరైనా అడిగితే ఆమె కూడా అదే చెబుతుంది.

ఆఫీసు మూసే వేళకి మూడు కణాలూ ఇంకా బెంచీ మీదే ఉన్నాయి. మంగతాయారు వాటి దగ్గరికి వెళ్ళి, పొద్దున అడిగిన కణాన్నే మళ్ళీ అడిగింది.

"నీది ఏ ముద్దమ్మా?"

ఈసారి ఆ కణం ఎవరి మొహమూ చూడలేదు.

"4417 అండీ."