అయిదో పరీక్ష

బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్షలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, వాటిలో ఏది ఉత్తమమో ఇరవై ఒక్క రోజుల్లో తేల్చి పారేస్తామని ఉన్నత విద్యాశాఖ మంత్రిగారు ఎనిమిదో తారీకు సోమవారం ఉదయం ప్రకటించారు. వెంటనే చప్పట్లు మోగాయి. ముందు మూడు వరసల్లో కూర్చున్నది మా శాఖ సిబ్బందే కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో మాకు తెలుసు.

"ఒకే చదువుకి నాలుగు పరీక్షలు!" అంటూ మంత్రిగారు నాలుగు వేళ్లు ఎత్తి చూపించారు. "ఒకడికి ఒకదాంట్లో తొంభై వస్తుంది. ఇంకొకడికి ఇంకోదాంట్లో ఆరువందలు వస్తుంది. ఇద్దర్లో ఎవడు గొప్ప? చెప్పండి."

విలేకరులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చూశారా, చదువుకున్న మీకే తెలీదు. ఇది తేలేదాకా అడ్మిషన్లన్నీ ఆపేస్తున్నాం."

సమస్యను ఇంత సూటిగా పట్టుకుని, పట్టుకున్న చోటే దాన్ని ఆపేసిన నాయకుణ్ణి నా ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను చూడలేదు. నేను ఆ శాఖలోనే కొనుగోళ్ల విభాగంలో గుమాస్తాని. కుర్చీలు, బీరువాలు, ఫ్యాన్లు కొనే ఫైళ్లు నా బల్ల మీదుగా నడుస్తాయి. నడుస్తాయంటే, కూర్చుని కూర్చుని నడుస్తాయి. పరీక్షలతో నాకేమీ పనిలేదు, మా అక్క కూతురు అందులో ఒకటి రాసి ఉండకపోతే.

ఆ పిల్ల కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తోంది. పార్సిల్ తూకం వేసి, చీటీ అంటించి, మనిషి అటు తిరగగానే సొరుగులోంచి లెక్కల పుస్తకం తీసేది. అలా రెండేళ్లు చదివి నాలుగింటిలో రెండో పరీక్ష రాసింది. నూటికి తొంభై ఏడుమందిని వెనక్కి నెట్టింది. మంచి పేరున్న స్కూలొకటి సీటిస్తానని ఉత్తరం కూడా రాసింది. ముప్పయ్యో తారీకులోగా వచ్చి చేరాలి, వచ్చేటప్పుడు ఆ పరీక్ష చెల్లుతుందని మా శాఖ నుంచి ఒక కాగితం తేవాలి. అంతే. కొరియర్ వాళ్లకు మానేస్తున్నానని చెప్పేసింది కూడా. ఆమె స్టూలు మీద అప్పుడే కొత్తమ్మాయి కూర్చుని చీటీలు అంటించడం నేర్చుకుంటోంది.

"మావయ్యా, ఇరవై ఒక్క రోజుల్లో నిజంగా తేలుతుందా?" అని ఆ సాయంత్రం అడిగింది.

"మంత్రిగారు స్వయంగా చెప్పారు కదమ్మా."

"అందుకే అడుగుతున్నా."

పోలిక సంఘానికి అధ్యక్షుడిగా ఎప్పుడో రిటైరైన అధికారి ఒకాయన్ని పిలిపించారు. చేతిలో స్కేలు లేకుండా ఆయన ఏ కాగితం మీదా గీత గీసినట్టు దాఖలా లేదు, అందుకని ఆయన్ని అందరూ స్కేలు సారనే అంటారు. సభ్యులిద్దరు. ఒకరు భవనాల ఇంజినీరు. రెండోవారు మంత్రిగారి పళ్ల డాక్టరు. పరీక్షలకూ పళ్లకూ ఏమిటి సంబంధమని గిట్టనివాళ్లు గొణిగారు గానీ, మంత్రిగారి చేత నోరు మూయించగల ఒకే ఒక్క మనిషి సంఘంలో ఉండడం ఎంత అవసరమో వాళ్లకేం తెలుసు!

మొదటి సమావేశానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. బిస్కెట్ల పళ్లెం అందించడానికి నేనూ వెళ్లాను.

"మొదటి పరీక్ష మూడు గంటలండీ," అని స్కేలు సారు చదివారు. "తప్పు రాస్తే, వచ్చిన మార్కుల్లోంచి కోసేస్తారు."

మంత్రిగారు కొరుకుతున్న బిస్కెట్టు ఆపేశారు. "తప్పు చేస్తే అంతకుముందున్నది కూడా లాక్కుంటారా? ఇదెక్కడి న్యాయమయ్యా! రేపు ఇదే పద్ధతి అన్ని రంగాలకూ పెట్టమంటే?"

గదిలో అందరూ కాస్త ఇబ్బందిగా కదిలారు.

"రెండోది కంప్యూటర్ మీద రాయాలండీ. సరిగ్గా చెబితే తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైంది ఇస్తుంది. తప్పు చెబితే తేలికైంది ఇస్తుంది."

"అంటే తెలిసినవాడి ప్రాణం తీస్తుందన్నమాట."

"అంతేనండీ."

"మూడోది?"

"అందులో లోకజ్ఞానం ప్రశ్నలుంటాయండీ. ఉన్నత విద్యామంత్రి ఎవరని పోయిన ఏడాది అడిగారు." స్కేలు సారు గొంతు సవరించుకున్నారు. "ఎక్కువమంది ఆ ప్రశ్న వదిలేశారండీ."

మంత్రిగారు ఇంకో బిస్కెట్టు తీసుకోలేదు.

"నాలుగోదాంట్లో పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏదో ఒక విషయమిచ్చి పావుగంట మాట్లాడుకోమంటారండీ. అందరూ ఒకేసారి అరుస్తారు. ఎవరి గొంతు పైన వినిపిస్తే వాళ్లకి మార్కులు."

"దానికి పరీక్షెందుకయ్యా," అన్నారు మంత్రిగారు, "మేం రోజూ చేసే పనేగా అది!"

ఇంత లోతైన చర్చ జరిగాక అసలు ప్రశ్న మిగిలింది. నాలుగింటినీ పోల్చడం ఎలా? స్కేలు సారు ఆలోచించి, "మన శాఖలో దేన్నయినా పోల్చడానికి ఫారం ఉందా?" అని అడిగారు. ఉంది. ఒకే ఒక్కటుంది, అదీ నా బీరువాలో. పదిహేడో నంబరు ఫారం. కుర్చీలు కొనేటప్పుడు అయిదు కంపెనీల దగ్గర కొటేషన్లు తీసుకుని, ఒక్కో కంపెనీకి ఒక్కో గడి చొప్పున వివరాలు నింపి, ఏది తీసుకోవాలో తేల్చే ఫారం. దుమ్ము దులిపి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్న తీరు చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. నా విభాగం కాగితం ఒకటి విద్యారంగానికి పనికొస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

సంఘం పదిహేడు రోజులు రాత్రనక పగలనక ఆ ఫారం నింపింది. బరువు అన్న చోట ఏం రాయాలో తెలియక, మొదటి పరీక్ష ప్రశ్నపత్రాన్ని తపాలా విభాగం త్రాసులో వేసి నూట నలభై గ్రాములని రాశారు. రెండోదానికి ప్రశ్నపత్రం లేదు కనుక ఇంజినీరుగారు కంప్యూటర్నే ఎత్తి త్రాసులో పెట్టారు. పదకొండు కిలోలు. త్రాసు మళ్లీ లేవలేదు. చెక్క రకం అన్నచోట 'వర్తించదు' అని రాయడానికి రెండు సమావేశాలు పట్టాయి, ఎందుకంటే పరీక్ష రాసే బల్ల చెక్కదే కదా అని పళ్ల డాక్టరుగారు పట్టుబట్టారు. గ్యారంటీ అన్నచోట మాత్రం నాలుగింటికీ 'లేదు' అని ఏకగ్రీవంగా రాసేశారు.

ఇరవై ఆరో తారీకు శుక్రవారం స్కేలు సారు నన్ను పిలిచారు. ఆయన స్కేలు ఫారంలో కుడివైపు చివరి గడి మీద ఉంది.

"అయిదో గడి ఖాళీగా ఉందే?"

"ఉన్నవి నాలుగే పరీక్షలు కదండీ."

"అయిదింటికి తక్కువైతే పోలిక చెల్లదని ఫారం కింద నువ్వే అచ్చు వేయించావు. మళ్లీ ప్రకటన ఇవ్వాలి. గడువు నలభై అయిదు రోజులు."

ముప్పయ్యో తారీకుకి నాలుగు రోజులుంది. కొరియర్ ఆఫీసు స్టూలు మీద కొత్తమ్మాయి ఇప్పటికి తూకం కూడా నేర్చేసుకుని ఉంటుంది. ఆ కంగారులో, ఏ గుమాస్తా పైఅధికారి ముందు పైకి చెప్పని మాట నేను చెప్పేశాను.

"సార్, కుర్చీల దగ్గర అయిదో కొటేషన్ దొరక్కపోతే, తెలిసినవాళ్లనెవర్నో అడిగి ఊరికే ఒక కాగితం రాయించుకుంటామండీ. గడి నిండడానికి. దాన్నెవరూ చదవరు."

స్కేలు సారు నా వైపు మొదటిసారి గౌరవంగా చూశారు. "పరీక్షకి అలాంటి కాగితం ఎవరిస్తారు?"

పళ్ల డాక్టరుగారు మెల్లగా దగ్గారు. "మంత్రిగారి బావమరిది ఒక బిజినెస్ స్కూలు కట్టారు. రంగులు కూడా వేసేశారు. పరీక్షే ఇంకా పెట్టలేదు."

ఆ కాగితం నలభై నిమిషాల్లో వచ్చింది. మా శాఖ చరిత్రలో ఏ కాగితమూ అంత తొందరగా ఏ గదికీ చేరలేదు. ప్రశ్నలు: లేవు. సమయం: అక్కర్లేదు. బరువు: సున్నా. తప్పుకు కోత: సున్నా. నా చేత్తోనే, నా మంచి పెన్నుతో ఆ వివరాలు అయిదో గడిలో నింపాను. ఆ రోజు ఇంటికెళుతూ అక్క వాళ్లింటికి కేకు పట్టుకెళ్లాను. "ఇక నీ సీటు నీ చేతిలో ఉన్నట్టే," అని మేనకోడలికి చెప్పాను. ఆ పిల్ల నిజంగానే నమ్మి, రెండు ముక్కలు తింది.

ఇరవై తొమ్మిదో తారీకు ఉదయం స్కేలు సారు ఫారం అడుగున ఉన్న నిబంధన పైకి చదివారు. అన్ని వివరాల్లోనూ అతి తక్కువ చూపినదానిని ఎంపిక చేయవలెను. చదివి, స్కేలు పెట్టి అయిదో గడి చుట్టూ నాలుగు గీతలు గీశారు.

"సార్!" అన్నాను. "అది ఊరికే పెట్టిందండీ. గడి నిండడానికి."

"ఫారంలో ఎక్కడైనా 'ఊరికే' అని రాసి ఉందా?"

"లేదండీ."

"మరి?"

ఆ మధ్యాహ్నమే మంత్రిగారు విలేకరులను పిలిచారు. "ఈ పరీక్షలో ప్రశ్నలే లేవు కనుక పేపరు లీకయ్యే ప్రమాదం లేదు. చూసి రాసే అవకాశం లేదు. ఫెయిలైన పిల్లవాడు ఒక్కడు లేడు. మిగతా మూడు వేళ్లూ... నాలుగు వేళ్లూ ముడిచేస్తున్నాం. ఇకపై ఏ బిజినెస్ స్కూలైనా ఈ పరీక్షలో నెగ్గినవారికే సీటివ్వాలి." మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, చేతులకు అలవాటైపోయింది.

మొదటి ర్యాంకు బావమరిదిగారి పెద్దబ్బాయికి వచ్చింది. రెండోది చిన్నబ్బాయికి. రోజుకు ఎన్ని గంటలు చదివారని విలేకరి అడిగితే, పెద్దబ్బాయి "పరీక్షకు ఎంత కావాలో అంతే," అని వినయంగా చెప్పాడు. ఆ వినయం నాకు నచ్చింది.

సాయంత్రం నేను స్కేలు సారు గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మా మేనకోడలి సంగతి సార్. సీటు వచ్చేసిందండీ. మీరు ఒక్క కాగితం..."

"దానికేముందయ్యా, ఇచ్చేద్దాం. కొత్త పరీక్షలో నెగ్గాలంతే. నెగ్గాలంటే ఇంతకుముందు ఏ పరీక్షలోనూ ఏ ప్రశ్నకూ జవాబు రాసి ఉండకూడదు."

"రాసిందండీ."

"ఎన్ని ప్రశ్నలకి?"

"అన్నిటికీ."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యయ్యో. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ చెప్పలేదా?"

ఇంట్లో పెద్దవాణ్ణి నేనే. పెద్దవాడిగా నేను చేసిన పనేమిటో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నాకు సిగ్గేసింది. ఆయన జాలిపడి, మంత్రిగారి పేషీకి ఫోన్ చేసి, "ఏదో ఒకటి చూడండి, మన కుర్రాడే," అన్నారు. నాకు నలభై ఆరేళ్లు.

ముప్పయ్యో తారీకు సాయంత్రం పేషీ నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చింది. మేనకోడలు నా చేతిలోంచి కవరు లాక్కుని చించింది. మొదటి పేరా చదివేటప్పటికి ఆమె మొహం ఎలా మారిందో నేను చెప్పలేను. సదరు అభ్యర్థిని రెండవ పరీక్షలో అధిక మార్కులు పొందియున్నందున ఏ బిజినెస్ స్కూలులోనూ విద్యార్థినిగా చేరుటకు అనర్హురాలు.

"రెండోది కూడా చదవమ్మా," అన్నాను.

చదివింది. మళ్లీ మొదటికొచ్చి మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది.

"బావమరిదిగారి స్కూల్లో నేను పాఠాలు చెప్పాలా?"

"పేషీ వాళ్లు ప్రత్యేకంగా ఆలోచించారమ్మా. నీకు వచ్చిన మార్కులు చూసే ఇచ్చారు. వచ్చే సోమవారం నుంచి. తాత్కాలికమే అనుకో."

"ఇంకా నేనే ఏమీ నేర్చుకోలేదు కదా మావయ్యా!"

"ఎవరికి చెప్పాలిట?" అని అక్క అడిగింది.

"నిన్న నెగ్గినవాళ్లకి. నూట ఇరవై మంది."

మేనకోడలు కాగితం తిప్పి వెనకవైపు షరతులు చదివింది. నాలుగో షరతు దగ్గర ఆగింది. పాఠము చెప్పునపుడు విద్యార్థులను ఎట్టి పరిస్థితులలోనూ ఏ విధమైన ప్రశ్నలూ అడగరాదు.

"మరి వాళ్లు నన్ను అడగొచ్చా?" అంది.

నేను షరతులన్నీ మరోసారి వెతికాను. దాని గురించి ఎక్కడా ఏమీ లేదు.

అక్క మిషను సొరుగులోంచి పెన్ను తీసి, మూత ఊడదీసి, కూతురి చేతిలో పెట్టింది.

"అడగర్లేవే," అంది. "సంతకం పెట్టు."