పలకరించేదాకా పరుపు మీదే

ఆ రోజు పొద్దున్న కామాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరుపుల షోరూంకి వెళ్లాలి, ఓ మంచం మీద కాసేపు పడుకోవాలి, ఇంటికొచ్చి రిపోర్టు రాయాలి, వేడివేడిగా భోంచెయ్యాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి?

కామాగారు అసలు పేరు కాదు లెండి. ఆయన పాతికేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "దీని భావం ఇదేనంటారా?" అని అడిగే అలవాటు చూసి తోటివాళ్లు పెట్టిన పేరది. ప్రెస్సు మూతపడింది, పేరు మాత్రం ఆయనతోపాటు ఇంటికొచ్చింది. ఇప్పుడాయన దొంగ కొనుగోలుదారు. అంటే దొంగతనం కాదు. మామూలు మనిషిలా దుకాణంలోకి వెళ్లి, అక్కడివాళ్లు ఎలా చూసుకుంటున్నారో గుట్టుగా కనిపెట్టి, పంపించిన ఏజెన్సీకి రాసివ్వడం ఆ పని.

ఇప్పటికి రెండు రిపోర్టులు తిప్పికొట్టారు. ఇదీ తిరిగొస్తే పని ఊడుతుంది. ఊడితే బావమరిది స్టేషనరీ కొట్లో కూర్చోవాలని ఇంటావిడ తేల్చి చెప్పేసింది. బావమరిది చెడ్డవాడు కాదు, కానీ నోరు ఊరుకోదు. పక్కనున్నవాళ్లు పెన్సిల్ అందుకున్నా సరే, "అలా కాదు బావగారూ, ఇలా" అంటాడు. ఒకసారి ఆ కొట్లో ఓ పూట కూర్చుని, కాగితాలు లెక్కపెట్టడం, పురికొస కట్టడం, చివరికి స్టూలు మీద కూర్చోవడం కూడా కొత్తగా నేర్చుకుని వచ్చారు పాపం. మిగిలిన జీవితమంతా అలా గడపాలంటే ఆయనకి గుండెల్లో రాయి పడేది.

అందుకే ఏజెన్సీవాళ్లు పంపిన సూచనల్ని ఆ పొద్దున్న మళ్లీ మళ్లీ చదివారు. "మంచం మీద తగినంత సేపు పడుకుని చూడాలి. సిబ్బంది పలకరించేదాకా మీరుగా మాట్లాడకూడదు, అక్కడి నుంచి కదలకూడదు. మీరెవరో ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియకూడదు." అంతే. చదివినకొద్దీ అనుమానాలు పుట్టుకొచ్చాయి. ఏజెన్సీ అమ్మాయికి ఫోన్ చేశారు.

"అమ్మా, తగినంత అంటే ఎంత?"

"మీకు తోచినంత సార్."

"నాకు తోచింది మీకు తోచకపోతేనో?"

"సార్, సూచనలు చదవండి."

"చదివే అడుగుతున్నానమ్మా. పడుకోవడమంటే నడుం వాల్చడమా, కళ్లు కూడా మూసుకోవాలా?"

"మామూలు మనుషులు ఎలా పడుకుంటారో అలా సార్."

"చెప్పులు విప్పా, విప్పకుండానా?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

షోరూం తలుపు తీయగానే వీధి గోల తెగిపోయింది. లోపలంతా తెల్లటి మంచాలు, లేత రంగు తెరలు, వాటిలోంచి వడకట్టి వస్తున్న ఎండ. నేల మీద పరిచిన మెత్తటి తివాచీ అడుగుల చప్పుడు మింగేస్తోంది. ఎక్కణ్నుంచో సన్నగా సంగీతం. మంచాల మధ్య నడుస్తుంటే తన ఒంటి బరువు తనకే తెలియడం లేదనిపించింది ఆయనకి. అద్దాల కిటికీ పక్కనున్న పెద్ద మంచం ఎంచుకుని, బాగా ఆలోచించి చెప్పులు విప్పి, పడుకున్నారు. పరుపు నెమ్మదిగా కిందికి దిగి, భుజాలు ఎక్కడున్నాయో వెతుక్కుని మరీ పట్టుకుంది.

ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి పలకరించాలి. ఎవరూ రాలేదు.

రాకపోవడానికి కారణముంది. తనిఖీ మనిషి మారువేషంలో వస్తాడని ఆ షోరూం మేనేజరుకి ముందురోజే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. పడుకుని చూస్తున్నవాళ్లని వాళ్లంతట వాళ్లు లేచేదాకా కదిలించకూడదనీ, పలకరించకూడదనీ కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. కాబట్టి ఈయన వాళ్లు పలకరిస్తారని పడుకున్నారు, వాళ్లు ఈయన లేస్తారని నిలబడ్డారు. ఎవరి క్రమశిక్షణ వాళ్లది.

కాసేపు పైకప్పు చూశారు కామాగారు. తర్వాత పైకప్పు దూరంగా జరిగింది. చిన్న చిన్న అచ్చు అక్షరాలు తూలుతూ గాల్లో తేలుతున్నాయి. ఒక్కదానికీ దిద్దుబాటు అక్కర్లేదు. ప్రెస్సు మూతపడిన దగ్గర్నుంచీ రాత్రుళ్లు కునుకు లేని మనిషి, హాయిగా నిద్రపోయారు.

"సార్, గురక!" అంది సేల్స్ అమ్మాయి.

"చూశావా ధీమా?" అన్నాడు మేనేజరు కంగారుగా. "కొనడానికొచ్చినవాడికి అంత ధైర్యముంటుందా? తనిఖీ ఆయనే. ముందు ఆ పాట ఆపు. దుప్పటి తీసుకురా."

పాట ఆగింది. దీపాలు తగ్గాయి. దుప్పటి వచ్చింది. లోపలికొచ్చిన ప్రతివాళ్లకీ మేనేజరు నోటి మీద వేలు పెట్టి దణ్ణం పెడుతున్నాడు. వాళ్లు కూడా మునివేళ్ల మీద నడుస్తూ, గుసగుసగా ధరలు అడుగుతూ, నిద్రపోతున్న మనిషిని చూసి ఆవలిస్తూ తలో మంచం పక్కనా నిలబడిపోయారు. ఎవరికీ బయటికెళ్లే తొందర ఉన్నట్టు లేదు.

అప్పుడు మోగింది కామాగారి జేబులో ఫోన్. సేల్స్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, జేబులోంచి సుతారంగా లాగి, గుసగుసలాడింది. "సార్ పడుకున్నారండీ."

అవతల ఇంటావిడ. "ఎవరమ్మా నువ్వు? ఎక్కడ పడుకున్నారు?"

"మా మంచం మీదండీ. మంచి నిద్రలో ఉన్నారు. ఇప్పుడే దుప్పటి కప్పాను."

తర్వాత జరిగింది ఊహించుకోవచ్చు. ఏ షాపులో పనో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదనుకుని, కామాగారు ఆ పొద్దున్న ఊరికే "పనుంది" అని బయల్దేరారు. ఇంటావిడ తమ్ముడికి ఫోన్ కొట్టింది. అతను కొట్టుకి తాళం వేసి, అక్కని స్కూటరెక్కించుకున్నాడు. ఆ అమ్మాయిని అడ్రసు అడిగితే అదీ ఎంతో మర్యాదగా చెప్పింది మరి!

"ఏరీ ఆయన?" అని తలుపు తోసుకుంటూ అరవబోయింది ఇంటావిడ.

"ష్!" అన్నారు షోరూంలో అందరూ.

అంతమంది ఒక్కసారి ష్ అనేసరికి ఆవిడ కోపం కూడా గుసగుసలోకి దిగిపోయింది. "ఇదేం చోద్యమండీ? నా మొగుడికి దుప్పటి కప్పడానికి మీరెవరు?" అని గుసగుసగా అడిగింది.

"సేవ మేడమ్," అన్నాడు మేనేజరు అంతకన్నా చిన్నగా. "ఆయనెవరో మాకు తెలీదు. అస్సలు తెలీదు!"

ఆవిడ ఇంకేదో అనబోయి మంచం వైపు చూసింది. నుదుటి మీద ముడతల్లేవు. రాత్రుళ్లు ఆయన అటూ ఇటూ దొర్లుతుంటే, లేచానని తెలిస్తే బాధపడతారని కళ్లు మూసుకుని పడుకునేది తను. ఇంత ప్రశాంతంగా ఉన్న ఆ మొహం చూసి ఎన్నాళ్లయిందో. మంచం అంచున కూర్చుండిపోయింది.

"నటన అక్కా!" అన్నాడు తమ్ముడు. "పట్టపగలు, ఇంతమంది మధ్య ఎవరికైనా నిద్ర పడుతుందా? పైగా ఆ పడుకోవడం చూడు. అలా కాదు, ఇలా..." అంటూ పక్క మంచం మీద వాలాడు. "వెన్ను నిటారుగా పెట్టాలి. చేతులు ఇలా..."

చేతులు ఎలాగో చెబుతాడని అందరూ ఎదురుచూశారు. సన్నగా గురక వినిపించింది.

ఆవిడ కామాగారి నుదుటి మీద చెయ్యి వేసింది. "ఏమండీ, లేవండి."

ఆయన కళ్లు విప్పారు. భార్యని చూశారు, మేనేజర్ని చూశారు. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్నింకా ఎవరూ పలకరించలేదే!" అన్నారు ఆమె చెవిలో. "అప్పటిదాకా కదలకూడదు."

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "పలకరించండి!"

"ఆయన లేవకుండా ఎలా మేడమ్? మాకు ఉత్తర్వుంది."

"మీ ఇద్దరి దుంపతెగ!" అందావిడ. "నేను ఊఁ అంటాను. ఆయన లేస్తారు, మీరు పలకరిస్తారు. ఇద్దరూ ఒకేసారి. ఊఁ!"

"నమస్కారం సార్! నిద్ర బాగా పట్టిందా?"

"బ్రహ్మాండంగా," అన్నారు కామాగారు లేస్తూ. తన ఉద్యోగం గట్టెక్కినట్టే అనిపించింది ఆయనకి.

తమ్ముణ్ణి లేపబోతే మేనేజరు అడ్డుపడ్డాడు. తనిఖీకి ఇద్దరొచ్చారేమోనని అతనికి కొత్త భయం పట్టుకుంది. "వారు లేవలేదు కదా మేడమ్, ముట్టుకోకూడదు," అన్నాడు. చేసేదిలేక ఆవిడ తమ్ముడి జేబులోంచి కొట్టు తాళం తీసి మొగుడి చేతిలో పెట్టింది.

అలా తప్పించుకోవాలనుకున్న కొట్లోకే ఆ సాయంత్రం కామాగారు నడిచి వెళ్లారు. తనకి తోచినట్టు కూర్చున్నారు. పురికొస తనకొచ్చినట్టు కట్టారు. కాగితం చిరగకుండా చెరిపే రబ్బరు ఏదని ఎవరో అడిగితే తీరిగ్గా విడమర్చి చెప్పారు. ఆ మనిషి ఇంకో ప్రశ్న అడిగాడు. కొత్త కాగితాల వాసన, వాలు ఎండ. "అలా కాదు" అనే గొంతు మాత్రం లేదు. ఇదే కొట్టా అని ఆయనకి అనుమానం వచ్చింది. అక్కడే కూర్చుని, జరిగింది జరిగినట్టు, దుప్పటితో సహా రిపోర్టు రాసి పంపారు.

మర్నాడు ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. "ఏ షాపులో సార్ దీపాలు తగ్గించి దుప్పటి కప్పుతారు? మీరు అసలు వెళ్లనే లేదు. ఇంట్లో పడుకుని కల రాసి పంపారు. ఇంక మీకు పని ఇవ్వలేం సార్."

కామాగారు ఫోన్ పెట్టేసేలోగా బావమరిది వచ్చాడు. నిన్న షోరూంవాళ్లు తలుపులు మూసేదాకా పడుకున్నాడట. మొహం తేటగా ఉంది.

"బావగారూ, ఇన్నేళ్లుగా ఒక్కణ్ణే ఆ కొట్టు లాగుతున్నాను. నిద్రంటే ఏమిటో మర్చిపోయాను," అన్నాడు. "ఇకనుంచి కొట్టు మీరు చూసుకోండి. మీకెలా తోస్తే అలా. నేను మధ్యలో నోరెత్తితే ఒట్టు."

అతను అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ పరుపునే కొని, కొట్టు వెనక గదిలో వేయించుకుని, కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా దాని మీదే ఉంటున్నాడు. దానికి చోటు కోసం నోటు పుస్తకాల కట్టలన్నీ బయటి అరుగు మీదికి మారాయి, వాన పడితే ఏం చెయ్యాలో ఇద్దరూ ఇంకా అనుకోలేదు.