ముందు బోల్టు

పదకొండింటికి కళ్లద్దాల ఫ్యాక్టరీ మేనేజరు వస్తాడు, యంత్రం చూస్తాడు, సరేనంటాడు. ఆ ఉదయం కొలతలమ్మ అనుకున్నది అంతే. ప్రతిదీ రెండుసార్లు కొలుస్తుందని వర్క్‌షాపులో ఆమెకు ఆ పేరు పడింది. నీళ్లతొట్టికి అమర్చితే, సెకనుకు ఇరవై ఎనిమిది వేలసార్లు కంపించి అద్దాల మురికి వదలగొట్టే ట్రాన్స్‌డ్యూసర్ ఆమె మొదటి డిజైను. రెండు లోహపు దిమ్మెలు, మధ్యలో పింగాణీ బిళ్లలు, అన్నింటినీ కలిపి పట్టే ఒకే ఒక్క బోల్టు. అది బిగించకుండా కరెంటిస్తే బిళ్లలు పగిలి ఊరుకుంటాయి. ఇది కుదరకపోతే మళ్లీ పాత డిజైనేనని యజమాని తేల్చి చెప్పేశాడు.

అందుకే ఫిట్టరు బాబాయికి బల్ల మీద చీటీ పెట్టి, లోపలి గదిలో వైరింగు పనిలో పడింది: "బాబాయ్, ముందు బోల్టు బిగించు. గట్టిగా."

బాబాయి చీటీ చదివి ముందువైపు చూశాడు. షెడ్డుకున్న ఒకే ఒక్క తలుపు, దాని కింది బోల్టు వదులుగా ఊగుతోంది. "పిల్లకి ఎంత ముందుచూపు!" అని మురిసిపోయాడు. కొత్త స్క్రూలు వేసి, కడ్డీని గడప కన్నంలోకి సుత్తితో దిగ్గొట్టాడు.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. బాబాయి కడ్డీ లాగాడు. రాలేదు. మేనేజరును వెంటబెట్టుకొచ్చిన యజమాని బయటినుంచి తోశాడు. ఇంకా బిగుసుకుంది. మేనేజరు కూడా భుజం వేసేసరికి తలుపు పిడి ఊడి యజమాని చేతికొచ్చింది.

"ఏం జరుగుతోందక్కడ?" యజమాని కిటికీ ఊచల్లోంచి కేక పెట్టాడు.

"ముందు బోల్టు బిగించాను సార్!"

"ఎవరు బిగించమన్నారయ్యా?"

"మన కొలతలమ్మే. చీటీ కూడా ఉంది!"

కొలతలమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో బాబాయ్! ముందంటే మొదట! ముందు తలుపు బోల్టు కాదు!"

"మరి మొదట అని రాసి ఏడవచ్చుగా!"

"పన్నెండుకి నా రైలు," అంటూ మేనేజరు గడియారం చూసుకున్నాడు. "మరి వెళ్లొస్తానండీ."

"రెండే రెండు నిమిషాలు సార్!" అంది కొలతలమ్మ. ట్రాన్స్‌డ్యూసర్ బోల్టును కొలత చూసి తనే బిగించింది. మళ్లీ కొలిచింది. వైరు తగిలించి, ట్రాన్స్‌డ్యూసర్ కొసను తలుపు కడ్డీకి ఆనించింది.

"స్విచ్చి వేస్తున్నా బాబాయ్. మెల్లగా లాగు."

బాబాయి మెల్లగా ఏ పనీ చేసి ఎరుగడు. చెవికేమీ వినపడలేదు గాని, కడ్డీ నూనె రాసినట్టు జారి పైకొచ్చింది. దానితోపాటు బాబాయీ వెనక్కి చతికిలబడ్డాడు.

మేనేజరు లోపలికొచ్చి నీళ్లతొట్టి వైపు చూడనే లేదు. వంగి కడ్డీని పైకీ కిందికీ ఆడించాడు.

"సుత్తి దెబ్బకి బిగిసినదే వదిలిందంటే, అద్దాల మీద మురికెంత? ఇలాంటివి ఇరవై పంపండి."

యజమాని పాత డిజైను కాగితాలను నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలి కింద దోపాడు. కొలతలమ్మ తలవంచుకుని నవ్వుకుంది.

ఆ యంత్రంతోపాటు వెళ్లే సూచనల పుస్తకంలో మొదటి వాక్యం ఇప్పటికీ ఇదే: "మొదట బోల్టు బిగించండి. తలుపుది కాదు."