బేస్‌మెంట్‌లో బిగ్ క్యాట్

బెంగళూరు సర్జాపుర రోడ్డులోని అపార్ట్‌మెంట్‌లో వరూధిని ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: వేళకు ఆఫీసు చేరడం. పాప పుట్టాక ఇంటిపట్టునే ఉండిపోయి, ఆ తరవాత కాళ్లరిగేలా ఇంటర్వ్యూలకు తిరిగి సంపాదించిన ఉద్యోగం. ఇవాళే మొదటి రోజు. పాపను అత్తగారికి అప్పగించి, కాటన్ చీర నలగకుండా బేస్‌మెంట్‌లోకి దిగింది.

ఆమె స్కూటర్ పక్కనున్న కారు కింద గోధుమరంగు పిల్లి పడుకుని ఉంది. బాగా బలిసిన పిల్లి. చూడకుండా కారు తీస్తే పాపం నలిగిపోతుందని వరూధినికి జాలేసింది. ఫోన్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో, "బిగ్ క్యాట్ ఇన్ బేస్‌మెంట్. ప్లీజ్ బీ కేర్‌ఫుల్" అని పెట్టి, మరిచిపోయిన లంచ్ బాక్స్ కోసం పైకెళ్లింది.

ఊరి చివర లేఅవుట్‌లో చిరుత తిరుగుతోందని వారం రోజులుగా టీవీలో చూస్తున్న జనం వాళ్లు. ఇంగ్లీషులో పులినీ చిరుతనీ కూడా "బిగ్ క్యాట్" అంటారు కాబట్టి అందరికీ ఒకటే తట్టింది. ఆమె మళ్లీ కిందికి వచ్చేసరికి గ్రూపు అట్టుడికిపోతోంది. పై అంతస్తు జరీనాకు రాత్రి గాండ్రింపు వినిపించిందట. ఒకాయన తన కారు మీది గోళ్ల గీతలు ఫోటో తీసి పెట్టాడు. అవి నిరుడు స్తంభానికి రాసుకున్న గీతలు కదా అని వాళ్లావిడ అక్కడే అడిగితే, "అప్పుడు స్తంభం అనుకున్నాం" అని జవాబిచ్చాడు.

అసోసియేషన్ అధ్యక్షుడు రామాంజనేయులు, కె.ఆర్.పురంలో పుట్టి పెరిగిన మనిషి, గేటుకు తాళం వేసి క్రికెట్ బ్యాట్‌తో అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, అది మామూలు పిల్లి. చూసింది నేనే. తాళం తీయండి, ఫస్ట్ డే ఆఫీసు నాకు."

"జనం గాబరా పడతారని మెల్లగా పిల్లి అని రాసినారు. మీ మనసు దొడ్డది తల్లీ. కానీ లోపల చిరుత ఉండాది."

"చిరుతే ఉంటే మనతో పాటు దాన్నీ లోపల పెట్టి తాళం వేస్తారా?"

"అది పారిపోతే ఫారెస్టోళ్లు మనల్ని నమ్మరు గదమ్మా!"

బాల్కనీలోంచి జరీనా కేకేసింది. "ఎంత పొడుగుంది వరూధినీ?"

వరూధిని విసుగ్గా రెండు చేతులూ చాపి, "ఇంతే!" అంది.

"అమ్మో, తోక ఒక్కటే అంతుందంట!" అని జరీనా వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లకు చెప్పింది.

ఆ తరవాత పదిమంది ఫోన్లలో వీడియో తీస్తూ చుట్టూ చేరారు. మచ్చలున్నాయా? లేవు. సరిగ్గా చూశారా? చూసింది, కానీ కారు కింద నీడగా ఉంది. నీడలో మచ్చలు ఎలా కనిపిస్తాయి? నిజమే, ఎలా కనిపిస్తాయి? అడిగేకొద్దీ ఆమె తలలో ఉన్న పిల్లి జానెడు జానెడు పెరగసాగింది. బోను వేసుకుని అటవీశాఖ జీపు వచ్చి, అధికారి ప్రశ్నించేసరికి, "కళ్లు మాత్రం పిల్లివి కావు సార్" అని తన నోటితోనే అనేసింది.

వలలు పట్టుకుని సిబ్బంది లోపలికి దిగారు. కాసేపటికి వాళ్లు ఒక అట్టపెట్టె మోసుకొచ్చారు. అందులో గోధుమరంగు పిల్లి, దాని పొట్టకు కరుచుకుని ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. పొద్దున ఆమె చూసింది బలిసిన పిల్లిని కాదు, నిండు చూలాలిని.

"పిల్లే ఉంటాదని నేను ముందే అనుకున్యా అప్పా" అన్నాడు రామాంజనేయులు, బ్యాట్ వెనక దాచుకుంటూ.

"నాకూ రాత్రి మియావ్ మనే వినిపించింది" అంది జరీనా.

అందరికీ ముందే తెలుసట. తెలియనిదల్లా వరూధినికే. అధికారి ఆమె వైపు చూసిన చూపుకు తల వంచుకుని, ఓ పక్కకు నడిచి, కొత్త మేనేజర్ ఓంకార్‌కు ఫోన్ చేసింది.

"సారీ సార్, లేటయింది. మా బేస్‌మెంట్‌లో ఒక పిల్లి..."

"పిల్లా? మొదటి రోజే పిల్లి కథ చెప్తున్నారా అండీ?" అన్నాడు ఓంకార్ కటువుగా.

వరూధిని గేటు వైపు చూసింది. అట్టపెట్టె వైపు చూసింది. ఉద్యోగం ఊగుతోంది.

"పిల్లి కాదు సార్. చిరుత."

"అయ్యయ్యో, అది మీ అపార్ట్‌మెంటేనా! వీడియో మా గ్రూపులో కూడా వచ్చింది. తోకే అంత పొడుగుందట! మీరు అసలు బయటికి రాకండి, సేఫ్‌గా ఉండండి, హెచ్ఆర్‌తో నేను మాట్లాడతాను."

ఆ కంపెనీ హాజరు పట్టికలో వరూధిని మొదటి రోజు సెలవు "వన్యమృగ దాడి" కింద మంజూరైంది.