పుట్టువెంట్రుకలు, మూడు రోజుల సెలవు

ఆ గురువారం పొద్దున అభినయ వేసుకున్న పథకంలో మొత్తం మూడే మూడు పనులున్నాయి. ఏడింటికి ఇల్లు దాటాలి, తొమ్మిదింటికి విరుదునగర్‌లో అన్న ఇంటికి చేరాలి, అన్న కారు తీసుకుని సాయంత్రానికి కొడైకానల్ మంచులో కొడుకుని నిలబెట్టాలి. అత్తగారికి నిజం చెప్పడం అనేది ఈ మూడింటిలోనూ లేదు.

కొడుక్కి పది నెలలు. బడి, బ్యాంకు వగైరాల కోసం పేరు పాండీశ్వరన్. అది వాడి తాత పేరు కూడా కావడంతో, మొగుడి పేరు నోట పలకని అత్తగారు సంతానలక్ష్మి వాణ్ణి "సామి" అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు కోవిల్‌పట్టిలోని ఆ ఇంట్లో అందరికీ వాడు సామే. ఈ మధ్య మంచంపట్టె పట్టుకుని లేచి, రెండు చేతులూ వదిలి, ప్రపంచాన్ని ఒకసారి చూసి, కూలబడుతున్నాడు. ఇవాళో రేపో నడుస్తాడు.

అసలు ఆరాటం అక్కడే ఉంది. ఆ ఇంట్లో వాడితో కలిపి పన్నెండు మంది. వాడు మొదటిసారి బోర్లా పడ్డప్పుడు అభినయ వంటింట్లో దోసెలు పోస్తోంది. మొదటి పన్ను తోడికోడలు కనిపెట్టింది. దోగాడిన రోజున ఇల్లంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది, అభినయ దొడ్లో బట్టలు పిండుతోంది. ఆదివారంతో ఆమె సెలవు అయిపోయి సోమవారం మళ్ళీ బీమా ఆఫీసుకు వెళ్ళాలి. వాడి మొదటి అడుగైనా తన కళ్ళ ముందు, పక్కన ఎవరూ లేకుండా పడాలని ఆమె పంతం పట్టింది. ఆ మాటకొస్తే అది పెద్ద కోరికేమీ కాదు.

అడ్డం వాడి జుట్టు. పుట్టువెంట్రుకలు నాగలాపురం దగ్గరున్న కులదైవానికి ఇచ్చేదాకా పిల్లవాడు కొండ ఎక్కకూడదు, సముద్రం చూడకూడదు అని సంతానలక్ష్మి శాసనం. ఆ మొట్ట, అంటే గుండు, కొట్టించాలంటే దాయాదులంతా కలిసి రావాలి. దాయాదుల్లో ఇద్దరు అన్నదమ్ములకు రెండేళ్ళుగా మాటల్లేవు. అంచేత జుట్టు పెరుగుతోంది, అభినయకు ఒళ్ళు మండుతోంది.

"అన్న ఇంటికి పోయొస్తాం అత్తా. ఆదివారం వచ్చేస్తాం" అంది అభినయ, సంచి భుజాన వేసుకుంటూ. సంచి అడుగున మూడు స్వెటర్లున్నాయి.

"పో. విరుదునగర్ దాటి మాత్రం పోవద్దు" అంది సంతానలక్ష్మి.

"అక్కడ దాటి పోయేదానికి ఏముండాది అత్తా" అంది అభినయ. భర్త కార్తి గోడవైపు తిరిగి చెమట తుడుచుకున్నాడు. అగ్గిపెట్టెల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో మేస్త్రీ అతను. తప్పు అచ్చుపడితే సరిచేయగలడు గాని, తల్లి ముందు అబద్ధం ఆడలేడు.

కోవిల్‌పట్టి తెలుగిళ్ళలో పుట్టినవాళ్ళకి ఒక అలవాటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గడప దాటాక రహస్యం మాట్లాడాల్సి వస్తే మళ్ళీ తెలుగు. చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాదని ధైర్యం. ఆ చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఇదే తెలుగనీ, వాళ్ళూ ఇదే ధైర్యంతో బతుకుతున్నారనీ ఒక్కరికీ తట్టదు. అభినయకూ తట్టలేదు. బస్సు కదలగానే ఆమె గొంతు తగ్గించకుండా తెలుగులో మొదలుపెట్టింది.

"సంతానలక్ష్మి కోడలైన పాపానికి నా బిడ్డని ఏడికి తీసుకపోవాలన్నా కులదైవం దగ్గర చీటీ రాయించుకోవాలా? అన్నని చూసి, నేరుగా కొడైకి పోతాము. మీ అమ్మకి తెలిసేలోపల దిగొచ్చేస్తాము."

"మెల్లగా మాట్లాడు అబీ."

"ఏంటికి మెల్లగా? ఈ బస్సులో ఎవరికి తెలుస్తాది? మొట్ట కొట్టకుండా కొండెక్కితే సామికి ఏమైతాదో నేనూ చూస్తాను."

ముందు సీట్లో కారియాపట్టికి వెళ్తున్న పరమేశ్వరి అనే పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ తల తిప్పలేదు. ఒళ్ళో బుట్టని సర్దుకుని, కొంచెం వెనక్కి వాలింది.

సాత్తూరు దగ్గర బస్సు టైరు పంచరయింది. మార్చడానికి తీసిన రెండో టైరులోనూ గాలి లేదు. అందరూ దిగారు. పరమేశ్వరి టీకొట్టు వెనక్కి వెళ్ళి నాగలాపురంలో, సంతానలక్ష్మిని బాగా ఎరిగిన తన వదినకు ఫోన్ చేసి, విన్నది విన్నట్టుగా, ఒక్క అక్షరం కల్పించకుండా చెప్పింది. సంతానలక్ష్మి కోడలు, అత్తకు తెలియకుండా, మొట్ట కొట్టని పిల్లవాణ్ణి, మేనమామ ఊరి మీదుగా కొడైకి తీసుకెళ్తోంది.

నాగలాపురం వదిన తెలివైన మనిషి. పది నెలల పిల్లవాడికి మంచు చూపించడానికి ఏ తల్లీ కొండెక్కదని ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. కొడై పక్కన ఏముంది? పళని. జుట్టు తీయని పిల్లవాడు, మేనమామ, కొండ. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి గాని ఎవరూ పిల్లలకు మొదటి మొట్ట కొట్టించరు. ఇందులో ఆలోచించడానికేముంది? ఆవిడ సంతానలక్ష్మికి ఫోన్ చేసి, "కులదైవానికి రావలసిన జుట్టు పళనికి పోతా ఉండాది అక్కా. మీ వియ్యాలవారి ఏర్పాటు" అంది.

సంతానలక్ష్మి నిలుచున్నపళంగా విరుదునగర్‌కు ఫోన్ చేసింది. అభినయ తల్లి పంచవర్ణం, కొడుకు బాలచందర్ ఇంట్లోనే ఉంటుంది. పంచవర్ణానికి ఈ సంగతి అణుమాత్రం తెలియదు. కానీ కన్నకూతురు తనకొక మాట చెప్పలేదని వియ్యపురాలి దగ్గర ఒప్పుకోవడం కన్నా ప్రాణం పోవడం నయం.

"మీ కొడుకు ఒడిలో పెట్టి మొట్ట కొట్టిస్తారంట. నిజమేనా వదినా?"

"ఆమా. కొట్టిస్తాము. ఏమిప్పుడు?" అంది పంచవర్ణం.

ఫోన్ పెట్టేసింది. అన్నాక చేయాలి కదా. కందిపప్పు మండీలో ఉన్న బాలచందర్‌ని పిలిపించి పట్టుపంచె కట్టించింది. కోడలు సుధాలక్ష్మి చేత ఇరవై ఒక్క పళ్ళేలు సర్దించింది. పళ్ళు, పూలు, పిల్లవాడికి జరీ చొక్కా, శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా, అన్నీ పెట్టించింది. ఎందుకైనా మంచిదని మంగలి మునియసామిని కూడా పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టింది. పళని అయితే పళని, ఇల్లయితే ఇల్లు, అన్నీ సిద్ధంగా ఉండాలని ఆవిడ ఉద్దేశం.

సాత్తూరులో కార్తి రెండో టీ తాగుతుండగా ఒక తెల్ల వ్యాను దుమ్ము రేపుకుంటూ పోయింది. కార్తి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అబీ, మా అమ్మ పోతా ఉంది."

"ఏడికి?"

"విరుదునగర్ పక్కకి."

"ఇంకెవరుండారు?"

"అందరూ" అన్నాడు కార్తి. అంతకంటే ఘోరం ఇంకొకటి అతను చూశాడు. రెండేళ్ళుగా మాటల్లేని దాయాది అన్నదమ్ములిద్దరూ ఒకే సీట్లో భుజాలు రాసుకుంటూ కూర్చుని ఉన్నారు. "వెనక్కి పోదాం అబీ. ఇంటికి పోయి తలుపేసుకుందాం."

"ఏమండీ" అంది అభినయ. ఒంటరిగా ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిచే మనిషి "అండీ" అందంటే ఇక మాట్లాడి లాభం లేదని కార్తికి తెలుసు. "మీ అమ్మ ముందర పోతా ఉంటే నేను ఎనక్కి పోతానా? అడిగితే చెప్తాను. అబద్దం చెప్పి అలిసిపోయినాను. ఇంక నిజమే చెప్తాను."

విరుదునగర్‌లో అన్న వీధి మొదట్లోకే కేకలు వినిపించాయి. అరుగుకు ఒక పక్క సంతానలక్ష్మి, ఆవిడ వెనక వ్యానులో దిగిన పది మంది. ఇంకో పక్క పంచవర్ణం, ఆవిడ ముందు ఇరవై ఒక్క పళ్ళేలు. మధ్యలో మునియసామి పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తల ఎవరిదో చెబితే పని చూసుకుని పోతానని ఎవరూ వినకుండా అడుగుతున్నాడు. బాలచందర్ పట్టుపంచెలో ఉక్కిరిబిక్కిరవుతూ చెల్లెలికి ఎదురొచ్చాడు.

"ఒక మాట ముందే చెప్పకూడదా చెల్లీ? కొత్త తువ్వాలైనా కొనుంటాను."

అభినయ సామిని చంకనెత్తుకుని సరిగ్గా మధ్యలో నిలబడింది.

"మొట్టా లేదు, పళనీ లేదు. ఎవరు చెప్పినారో నాకు తెలియదు. మేము కొడైకి పోతా ఉండాము."

"కొడైలో ఏ గుడి?" అన్నాడు మామగారు.

"గుడి లేదు మామా. మంచు చూసేదానికి."

ఎవరూ నమ్మలేదు. రెండు పక్షాలూ కలిసి నమ్మలేదు. ఆమె సంచి బోర్లించి స్వెటర్లు చూపించింది. గది బుక్ చేసిన కాగితం చూపించింది. అప్పుడు నమ్మారు. నమ్మాక కోపం రెట్టింపయింది. పళని అయితే కనీసం దేవుడుండేవాడు.

"మొట్ట కాకముందు, చలిలో, మంచు చూసేదానికి పోతావా?" అంది సంతానలక్ష్మి. "నువ్వు తల్లివా?"

"తల్లినే. అందుకే పోతాను." అభినయ ఆగలేదు. "వాడు బోర్లా పడినప్పుడు నేను మీ అందరికీ దోసెలు పోస్తా ఉన్నాను. మొదటి పల్లు ఎవరో చూసినారు. దోగాడింది మీరందరూ చూసినారు, నేను చూడలేదు. సోమవారం నుంచి ఆపీసుకి పోతాను. వాడు నడిచేదైనా నేను చూడాల. మూడు దినాలు, మేము ముగ్గురమే. దీనికి కులదైవానికి కోపమొస్తే రానీయండి, ఆ దైవానికి కూడా బిడ్డలుంటారు కదా."

సామి పళ్ళెంలోని చామంతిని అందుకోబోయి జారాడు. పంచవర్ణం ముందుకొచ్చి వాణ్ణి లాక్కున్నట్టుగా ఎత్తుకుంది.

"పిచ్చి మాటలు. పిల్లోడు ఇక్కడే ఉంటాడు. మా మనవణ్ణి మేము కొండెక్కనీయము."

అక్కడ తప్పు జరిగింది. సంతానలక్ష్మి ముఖం రంగు మారింది.

"మేము అంటే ఎవరు వదినా?"

"మేమే. తల్లి పక్కవాళ్ళం."

"నా మనవణ్ణి ఆపాలంటే నేను ఆపాల. ఆపేదానికి మీరెవరు?" సంతానలక్ష్మి కొంగు దోపింది. "మీరు పోకూడదు అన్నారు కదా, ఇంక మేము పోయి తీరతాము. కార్తి, ఎత్తు సంచి. అందరూ వ్యాన్ ఎక్కండి. కొడైకి."

"మొట్ట..." అని నసిగాడు దాయాదుల్లో పెద్దవాడు.

"కులదైవానికి నేను చెప్పుకుంటాను. నువ్వు ఎక్కు."

పంచవర్ణం తగ్గే మనిషి కాదు. మేనమామ లేకుండా మేనల్లుడు మొదటి ప్రయాణం ఎలా చేస్తాడని లేచింది. పళ్ళేలన్నీ బాలచందర్ కారులోకి ఎక్కాయి, వాటి మధ్య సుధాలక్ష్మి ఇరుక్కుంది. మునియసామిని కూడా ఎక్కించబోతే ఆయన పెట్టె తీసుకుని ఇంటికి పోయాడు. ఆ మొత్తం జనంలో బుద్ధి ఉన్నవాడు ఆయనొక్కడే. అభినయ ముగ్గురి సెలవు కళ్ళ ముందే పదిహేడు మంది తీర్థయాత్ర అయిపోయింది.

ఇక మిగిలింది సామి ఏ బండిలో కూర్చోవాలనే గొడవ. వ్యానులోనే అని సంతానలక్ష్మి. మేనమామ కారులోనే అని పంచవర్ణం. పిల్లవాడి ఒక చెయ్యి ఒకావిడ దగ్గర, ఇంకో చెయ్యి ఇంకొకావిడ దగ్గర ఉన్నాయి. అభినయ ఇద్దరి చేతుల్నీ విడిపించి కొడుకుని తీసుకుంది.

"ఎవరి బండీ వద్దు. మేము బస్సులో వస్తాము. అత్తా, ఇదో గది కాగితం. మీరు ముందర పోయి తలుపు తెరిపించి పెట్టండి."

అవతలివాళ్ళ బండి ఎక్కకపోతే చాలు, బస్సే మేలని ఇద్దరికీ తోచింది. అదీగాక ముందు ఎవరు చేరితే గది వాళ్ళది. వ్యాను, కారు ఒకదాన్నొకటి దాటుకుంటూ మధురై రోడ్డు పట్టాయి. వీధి ఖాళీ అయింది.

కార్తి స్వెటర్లు సంచిలో కుక్కుతూ, "కొడై బస్సు మధురై నుంచి" అన్నాడు నీరసంగా.

"కార్తి, మన ఇంట్లో ఇప్పుడు ఎవరుండారు?"

కార్తి వేళ్ళు మడిచాడు. అమ్మ, నాన్న, పెద్దన్న వాళ్ళు, చిన్నన్న వాళ్ళు, మేనత్త. రెండుసార్లు మడిచాడు. "ఎవరూ లేరు" అన్నాడు. పెళ్ళయిన మూడేళ్ళలో అభినయ ఈ మాట వినడం అదే మొదలు.

సాయంత్రం ఆరింటికి కొడై నుంచి ఫోన్ వచ్చింది.

"ఏడ ఉండారు?" అంది సంతానలక్ష్మి. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఇంట్లో, అత్తా."

"ఏ ఇంట్లో?"

"మన ఇంట్లోనే. మొట్ట కాకుండా కొండెక్కకూడదని మీరే కదా చెప్పినారు. బస్సు దగ్గరికి పోయినాక మీ మాట గ్యాపకమొచ్చింది."

"మేము ఇప్పుడే బయలుదేరి వస్తాము."

"రండి. అమ్మ వాళ్ళు అక్కడే ఉంటారు కదా, గది వాళ్ళు వాడుకుంటారులే."

"ఆమె దిగకుండా నేనేంటికి దిగేది?" అంది సంతానలక్ష్మి. పంచవర్ణమూ పక్క గదిలో అదే అంటోందని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఆదివారం దాకా ఒకరినొకరు కాపలా కాస్తూ అక్కడే ఉన్నారు.

శనివారం పదకొండు గంటలకు సామి మంచంపట్టె వదిలి, ఎదురుగా నేల మీద కూర్చున్న తల్లిని చూసి, నాలుగు అడుగులు వేసి ఆమె మీద పడ్డాడు. అభినయ ఏడ్చింది, నవ్వింది, వాడి జుట్టంతా తడిపేసింది. కార్తి ఫోన్ తీశాడు.

"వద్దు" అంది అభినయ. "వీడియో పంపినావంటే రేపటికి పద్నాలుగు మంది మేమే చూసినామంటారు."

సోమవారం ఆఫీసులో పక్క సీటు సెల్వరాణి, పది నెలల సెలవులో ఎక్కడికైనా పోయొచ్చారా అని అడిగింది. "ఆ, మా ఇంటికి పోయొచ్చాం" అంది అభినయ.