జెల్లల కాపలా

భార్య సాలమ్మ దండకడియాలు ఎక్కడ దాచాలన్న దిగులుతో ఐలేశానికి అన్నం సయించడం లేదు. తుపాకులు పట్టుకున్న గుంపులు చిట్యాల చుట్టుపక్కల ఊళ్ల మీద పడి ఇళ్లు దోచుకుంటున్న కాలం అది. ఆ కడియాలు సాలమ్మకు తల్లి చనిపోతూ తొడిగినవి. ఆ ఇంట్లో వెండి అంటే అవే.

"గవి నాకియ్యి, దాస్త" అన్నాడు.

"యాడ దాస్తవ్?"

"నీకు చెప్ప. చెప్తే బాయి కాడ ఊరంత చెప్పుకొస్తవ్."

"గంత తెలివి నాకెక్కడిది? నువ్వే దాయి" అని కడియాలు తీసి ఇచ్చింది. ఐలేశం అక్కడే అనుమానపడి ఉండాల్సింది. పెళ్లయిన ఇన్నేళ్లలో సాలమ్మ అంత మెత్తగా మాట్లాడిన రోజు లేదు.

ఆయన ఉపాయం ఇది. కడియాలను గుడ్డలో మూటగట్టి పెరట్లో మట్టి గోలెం అడుగున పెట్టాడు. పైన కంకర పోసి, నీళ్లు నింపి, ఎండిపోతున్న చెరువులోంచి చిన్న జెల్ల చేపలు తెచ్చి వదిలాడు. జెల్ల ఎప్పుడూ అడుగునే తిరుగుతుంది. దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యి మోచేతి దాకా సలుపుతుంది. ఇంతకన్నా మంచి కాపలా ఎవరికి దొరుకుతుంది?

చిక్కేమిటంటే, కాపలావాళ్లు చచ్చిపోవడం మొదలుపెట్టారు.

కంకరకు రాసుకుని జెల్లల మీసాలు అరిగిపోయాయి. మీసం లేకపోతే అడుగున తిండి ఎక్కడుందో వాటికి తెలియదు. ఐలేశం కంకర తీసేసి, మూటను పైపైన తడిమి చూసుకుని, వాగుకు పరుగెత్తి మెత్తటి ఇసుక తెచ్చి పోశాడు.

"నాకు జరమొస్తే ఒక్కనాడన్న దవాఖానకు తీస్కపోయినవా? జెల్ల మీసమరిగితే వాగుకు ఉరుకుతున్నవ్" అంది సాలమ్మ.

"నీకు నోరుంది, చెప్పుకుంటవ్. దానికేముందే?"

తర్వాత నీళ్లు వాసన వేస్తే మొత్తం పారబోసి బావి నీళ్లు నింపాడు. జెల్లలు వెల్లకిలా తేలాయి.

"ఎండలున్నోణ్ణి తీస్కపోయి బాయిల తోస్తే ఎట్లుంటది? సగం ఉంచి సగం మార్చాలె" అంది సాలమ్మ.

జొన్న గటక ముద్దలు వేస్తే నీళ్లు పులిసిపోయాయి. చివరికి రోజూ సాయంత్రం తడి మట్టిలోంచి కాసిని ఎర్రలు తవ్వి తెచ్చి, తిన్నంతే వేయడం నేర్చుకున్నాడు. మిగిలిన ఒక్క జెల్ల మూలకు నక్కి దిగులు పడితే దానికి జతగాళ్లను తెచ్చాడు. గోలెం మీద తాటాకులు కప్పి నీడ చేశాడు. జెల్లలు నిగనిగలాడాయి. ఊళ్లోవాళ్లు ఆయనకు జెల్లల నాయిన అని పేరు పెట్టారు.

ఒక మధ్యాహ్నం గుంపు రానే వచ్చింది. ఊరంతా చేలలోకి పరుగెత్తింది. సాలమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు, ఐలేశం గోలేన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు.

"గండ్ల ఏముందిరా?" అన్నాడు మీసాల నాయకుడు.

"జెల్లలే దొరా. చెయ్యి పెట్టకుర్రి, పొడుస్తయి."

పెట్టవద్దంటే ఎవరు ఊరుకుంటారు? నాయకుడు మోచేతి దాకా ముంచాడు, ముల్లు దిగింది, కేక పెట్టాడు. ఆ కోపంలో తన్నిన తన్నుకు గోలెం పగిలింది. నీళ్లు, ఇసుక, జెల్లలు, మూట అన్నీ ఆయన కాళ్ల ముందుకు వచ్చాయి. ఐలేశం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

నాయకుడు మూట విప్పాడు. రెండు గుండ్రాళ్లు.

"రాళ్లకు చేపల కాపలానా? పిచ్చోని ఇంటికి తెచ్చిండ్రు గదరా!" అని ఐలేశం చెంప పగలగొట్టాడు. గుంపు కోళ్లను పట్టుకుని పోయింది.

ఐలేశం కూలబడి ఏడ్చాడు. "సాలమ్మా, మీ అవ్వ కడియాలు పోయినయే! ఎవడో రాళ్లు పెట్టిండు!"

అంతసేపూ పొయ్యి ముందు గటక కలుపుతున్న సాలమ్మ కుండతో నీళ్లు తెచ్చింది. "ముందుగాల జెల్లలనెత్తు. సచ్చిపోతయి."

ఇద్దరూ జెల్లలను ఏరి కుండలో వేశారు. అప్పుడు సాలమ్మ పొయ్యి పక్క బూడిద కుప్పలో చెయ్యి పెట్టి కడియాలు తీసి చూపించింది.

"ఎప్పుడు తీసినవే?"

"నువ్వు పెట్టిన నాడే. కడియాలు మాయమైన నాడే ఇంట్లకు జెల్లలొస్తే నాకు తెల్వదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే గోలేన్ని గట్ల పట్టుకొని నిలబడుదువా? వాళ్ల సూపు పొయ్యి మీద పడకుంట నువ్వే కాసినవ్."

"బూడిదల్నే ఎందుకు పెట్టినవ్?"

"పొయ్యి దిక్కు నువ్వేనాడన్న వచ్చినవా?"

మర్నాడు సాలమ్మ ఇంకో గోలెం తెప్పించి ఇసుక పోసి జెల్లలను వదిలింది. సాయంత్రం కాగానే, "ఎర్రలు తేపో" అంది.

"గండ్ల ఏం లేకపాయె. నేనెందుకు తేవాలె?"

"ఏం లేదని నీకెవలు చెప్పిండ్రు?"

ఐలేశం బూడిద కుప్ప వైపు చూశాడు, గోలెం వైపు చూశాడు. అడిగినా చెప్పదు. గోలెంలో చెయ్యి పెడితే ముల్లు. పార పట్టుకుని బయల్దేరాడు. పటేళ్లు మారినా, వానలు పడినా ఆ పార ఆగలేదు.

పోలీసు చర్య జరిగి పట్నంలో సైన్యం దిగిందని, ఇక గుంపులు రావని కబురు తెలిసిన రోజు సాలమ్మ కడియాలు తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది. వాటికి బూడిద అంటి ఉంది. ఐలేశం ఆ బూడిదను చూశాడు. ఇన్నాళ్లూ తాను కాపలా కాసింది వట్టి ఇసుకకని అర్థమై ఏదో అనబోయాడు.

"జెల్లలు ఎర్రలకు ఎదురు సూస్తున్నయి" అంది సాలమ్మ.

నిజంగానే ఎదురుచూస్తున్నాయేమో. వాటి మీద తనకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందో ఐలేశానికే తెలియదు. పొద్దు వాలుతోంది. పార భుజాన వేసుకున్నాడు.