మంత్రిగారి సముద్రస్నానం

పర్యాటక శాఖ మంత్రిగారు ఆ సోమవారం ప్రెస్ మీట్‌లో చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు. ఈ ఎండాకాలం ఆయన విదేశాలకు వెళ్ళరట. సామాన్య పౌరుడిలా, సకుటుంబంగా, మన సముద్రతీరంలో, మన ఇసుకలో చెప్పుల్లేకుండా నడుస్తారట. చెప్పుల్లేకుండా అన్నచోట ఆయన గొంతు వణికింది. విలేకరుల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఏసీ గాలి సూటిగా వాళ్ళ మొహాలకే కొడుతోందనుకోండి, అది వేరే సంగతి.

"ఏ ఊరికండీ?" అని ఎవరో అడిగారు.

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. ఆయన నియోజకవర్గంలో సముద్రపుటూళ్ళు రెండు: ఉత్తరపూరు, దక్షిణపూరు. మధ్యన ఒక ఏరు, ఏటిమీద వంతెన. ఓట్లు రెండు చోట్లా ఇంచుమించు సమానం.

"అది మా ప్రచార అధికారి తేలుస్తారు. ఆయనకు తెలియని కెరటం లేదు" అన్నారు మంత్రిగారు.

వెనక వరసలో బిస్కెట్ నములుతున్న ప్రచార అధికారికి పొలమారింది.

ఈయన్ని ఆఫీసులో అందరూ నీలాకాశంగారంటారు. ఏది రాసినా 'నీలాకాశం కింద' అని మొదలుపెట్టడం ఆయన శైలి. రెండు ఊళ్ళ బ్రోచర్లూ ఆయన చేతి చలవే. ఉత్తరపూరిని భూలోక స్వర్గమన్నారు. దక్షిణపూరి వంతు వచ్చేసరికి స్వర్గం ఖర్చయిపోయింది కాబట్టి దాన్ని స్వర్గానికి వాకిలి అన్నారు. రెండు అట్టలమీదా ఫొటో మాత్రం ఒకటే. తెల్లటి ఇసుక, నీళ్ళమీదికి వంగిన కొబ్బరిచెట్టు, ఒక ఎర్ర పడవ. అది ఎక్కడిదో ఆయనకు తెలియదు. ఆ మాటకొస్తే ఆ రెండు ఊళ్ళనూ ఆయన చూసిన పాపాన పోలేదు. కళ్ళతో చూస్తే వర్ణన దెబ్బతింటుందని ఆయన సిద్ధాంతం.

ఆ సాయంత్రం ఇంట్లో అదే ప్రశ్న ఎదురైంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన భార్యకు సముద్రం చూడాలని కోరిక. ప్రతి ఎండాకాలమూ ఏదో ఒక ప్రారంభోత్సవం అడ్డొచ్చేది. ఈసారి ఆయనకు సెలవు దొరికింది. ఆవిడ బట్టలు సర్దేసి బ్యాగు గుమ్మం పక్కన పెట్టింది.

"ఏమండీ, ఆ రెండిట్లో ఏది బాగుంటుంది?"

"దేని అందం దానిదే."

"అది మంత్రిగారి మాట. నాకు మా ఆయన మాట కావాలి."

అలాంటి మాట తన దగ్గర ఒకటి ఉందేమోనని నీలాకాశంగారు నిజంగానే వెతుక్కున్నారు. దొరకలేదు. సిగ్గేసింది, అందుకని కోప్పడ్డారు.

"ముందు మంత్రిగారి ఊరు తేలనీ! మిగిలిన దానికి మనం పోదాం."

"ఈసారి కూడా ఏదో వంక పెట్టారంటే, ఇక మిమ్మల్ని ఏదీ అడగనండీ" అందావిడ. గొంతులో కోపం లేదు. దాంతో ఆయనకు మరింత భయమేసింది.

మర్నాడు ఉత్తరపూరి మున్సిపల్ చైర్మన్ ఆఫీసుకొచ్చారు. మంత్రిగారిని తమ ఊరికే పంపమని కాళ్ళావేళ్ళా పడతారని నీలాకాశంగారు దర్జాగా వెనక్కి వాలి కూర్చున్నారు.

"సార్, దక్షిణపూరి ఇసుక వెన్నండీ" అన్నారు చైర్మన్. "మంత్రిగారి పాదాలకు అదే తగింది."

"అదేమిటండీ, మీది భూలోక స్వర్గం కదా!"

"ఎక్కడి స్వర్గం సార్! ఊళ్ళో మురుగంతా సముద్రంలోకే. దగ్గరుండి కాలవ తవ్వించింది నేనే."

ఆయన వెళ్ళిన కాసేపటికే దక్షిణపూరి చైర్మన్ వచ్చారు. ఉత్తరపూరి నీళ్ళు అద్దమన్నారు. తమ ఊళ్ళో అసలు ఇసుకే లేదని, పోయిన తుఫానుకు సముద్రం మింగేయగా బండరాళ్ళు మిగిలాయని నెత్తి కొట్టుకున్నారు.

నీలాకాశంగారికి కళ్ళు చెమర్చాయి. ఆ రెండు ఊళ్ళకూ తాతలనాటి నుంచి మాటల్లేవు. అలాంటిది ఒకరినొకరు ఇంతలా పొగుడుకుంటున్నారంటే అది తన రచనా మహిమ కాక మరేమిటి?

"మీ పెద్దమనసుకు నా జోహార్లు" అన్నారు.

"మనసు కాదు సార్, పొట్ట" అన్నారు చైర్మన్. "మంత్రిగారు ఆ వంతెన ప్రారంభించడానికి వచ్చినప్పుడు సెక్యూరిటీ అని దుకాణాలన్నీ మూయించారు. ఎండాకాలం నాలుగు రాళ్ళొస్తేనే ఏడాదంతా తింటాం. మీకు దణ్ణం పెడతాను, ఆయన్ని పక్కూరికి తోలండి."

నీలాకాశంగారు తన రచనా మహిమను మెల్లగా ఉపసంహరించుకున్నారు. ఒకచోట మురుగు, ఇంకోచోట బండలు. వాటి మధ్య ఎంపిక చెయ్యలేక జుట్టు పీక్కుని మంత్రిగారి పీఏ గదికి పరిగెత్తారు.

పీఏ తాపీగా గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

"మంత్రిగారు నిన్ననే విమానం ఎక్కారయ్యా. ఏదో దీవట. మేడమ్ ఎంచుకున్నారు."

"మరి చెప్పుల్లేకుండా అన్నారు కదండీ?"

"అక్కడ మాత్రం చెప్పులేసుకుని నడుస్తారా ఏమిటి? నువ్వు ఉత్తరపూరికి ఫోన్ చేసి దక్షిణపూరికి వెళ్ళారను. దక్షిణపూరికి చేసి ఉత్తరపూరికి వెళ్ళారను. సామాన్య పౌరుడిలా, గుట్టుగా."

"వాళ్ళు కనుక్కుంటే?"

"ఎవర్ని కనుక్కుంటారు? వాళ్ళకు మాటల్లేవుగా!"

ఆ రాజనీతికి నీలాకాశంగారు మనసులోనే చేతులు జోడించారు. ఫోన్లు చేశారు. చైర్మన్లిద్దరూ పొంగిపోయారు. ఒకాయనైతే ఆనందం పట్టలేక ఏడ్చేశారు. మంత్రిగారు రాకుండానే రెండు ఊళ్ళలోనూ ఓట్లు ఖాయమయ్యాయి.

మూడోనాడు దీవి నుంచి ఫొటో వచ్చింది. తెల్లటి ఇసుక, చెప్పుల్లేని మంత్రిగారు, ఆయన వెనక నీళ్ళమీదికి వంగిన కొబ్బరిచెట్టు, ఎర్ర పడవ. నీలాకాశంగారు బ్రోచర్ తీసి పక్కన పెట్టి చూసుకున్నారు. అదే చెట్టు, అదే పడవ. ఉద్యోగంలో చేరాక తను రాసినది మొదటిసారి నిజమైనందుకు ఆయనకు గర్వంగా అనిపించింది. 'మన తీరంలో మన మంత్రివర్యులు' అని శీర్షిక పెట్టి, భద్రతా కారణాలవల్ల ఊరిపేరు ఇవ్వడం లేదని కింద రాసి పత్రికలకు పంపించారు.

తెల్లారేసరికి ఫోన్ మోగిపోతోంది.

"దక్షిణపూరికి రాత్రికి రాత్రి అంత ఇసుక ఎవరు పోయించారు సార్?" అని ఉత్తరపూరి చైర్మన్ విరుచుకుపడ్డారు. "వాళ్ళకు ఇసుకా, మాకు మురుగా?"

"ఉత్తరపూరి మురుగు ఏమైంది సార్?" అని దక్షిణపూరి చైర్మన్ గోలపెట్టారు. "మంత్రిగారు కాలు పెడితే ఇంత మేలని ముందే ఒక మాట చెప్పొద్దూ!"

నీలాకాశంగారి భార్య పేపరు చూసింది. చాలాసేపు చూసింది. "ఏ ఊరైనా సరే, ఇక్కడికే వెళ్దామండీ" అంది. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! ఇది మన దేశం కాదే అని చెప్పడానికి నోరు తెరిచారు కానీ, నోరు అలవాటు కొద్దీ "సరే పద" అంది. బస్సులో కూర్చున్నాక ఫొటో ఇంకోసారి చూసుకుంటే, ఆయనకే వెళ్ళాలని మహా ఉబలాటంగా అనిపించింది.

వంతెన దగ్గర బస్సు ఆగిపోయింది. ఎంతకీ కదలకపోతే ఇద్దరూ దిగారు. వంతెన నిండా జనం. ఉత్తరపూరి వాళ్ళు తువ్వాళ్ళూ గొడుగులూ పట్టుకుని దక్షిణపూరికి పోతున్నారు. దక్షిణపూరి వాళ్ళు పిల్లల్నీ చాపల్నీ మోసుకుని ఉత్తరపూరికి పోతున్నారు. ఒకరి భుజాలు ఒకరు రాసుకుంటున్నారు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు.

ఉత్తరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, "బాబూ, మంత్రిగారు నడిచిన ఇసుక ఎటు?" అని నీలాకాశంగారిని అడిగారు.

"ఇలాగే తిన్నగా వెళ్ళండి" అన్నారు ఆయన, దక్షిణం వైపు చెయ్యి చూపించి.

దక్షిణం నుంచి ఒక పిల్లలతల్లి వచ్చి అదే అడిగింది.

"ఇలాగే తిన్నగా వెళ్ళమ్మా" అని ఉత్తరం వైపు చూపించారు.

ఆయన చెయ్యి చూపించిన రెండు దిక్కుల్నీ భార్య చూసింది. బ్యాగు కింద పెట్టి, వంతెన పిట్టగోడ మీద కూర్చుని, కింద పారుతున్న ఏటిని చూస్తూ ఉండిపోయింది.

"ఈ నీళ్ళు సముద్రంలోకే పోతాయా?" అంది.

"పోతాయి" అన్నారు నీలాకాశంగారు.

ఆవిడ తల తిప్పి, అటుగా పోతున్న ఒకామెను ఆపి, అదే మాట అడిగి తెలుసుకుంది.